గమ్మునబడిలో హార్మోనియం

నేను ఒక హార్మోనియం పెట్టెను. ఈ మాటైనా నా అంతట నేను చెప్పుకోలేను. ఒక చెయ్యి తిత్తి ఆడించాలి, ఇంకో చెయ్యి మెట్లు నొక్కాలి, అప్పుడే నాకు నోరు. ఆ రెండు చేతులూ లేనప్పుడు నేను వట్టి టేకు పెట్టెను. నా నెత్తిన కాఫీ గ్లాసు పెట్టినా, తడి తువ్వాలు ఆరేసినా కిక్కురుమనను. రెండూ చేశారు లెండి. మరి ఇప్పుడెలా మాట్లాడుతున్నావని అడగకండి. ఏళ్ళ తరబడి మూసుకుని కూర్చున్నదానికి లోపల ఎన్ని మాటలు ఊరతాయో మీకేం తెలుసు? వినేవాళ్ళు ఒక్కరు దొరికితే వదలబుద్ధి కాదు.

నేను పుట్టింది రాయవేలూరులో, ఒక ఆచారి కొట్టులో. నా కడుపులో వరసగా ఇత్తడి నాలుకలుంటాయి. వాటిని ఒక్కొక్కటే ఆకురాయితో గీకి, తల వాల్చి విని, మళ్ళీ గీకి, ఆయన నాకు శ్రుతి పెట్టాడు. మేకతోలు అంటించి తిత్తి కట్టాడు. అంతా అయ్యాక ఒకసారి గట్టిగా మోగించి, చెవిలో వేలు పెట్టి తిప్పుకుంటూ, "ఇది గయ్యాళిది. భారతానికైతే సరిపోతాది" అన్నాడు. అమ్మేవాడు సొంత సరుకును అలా అనకూడదు. కానీ నన్ను కొనడానికి వచ్చిన మనిషికి సరిగ్గా అలాంటిదే కావాలి.

ఆయన పేరు చెంగల్రాయుడు. మదనపల్లె దగ్గర చింతమాకులపల్లె ఆయన ఊరు. మా చిత్తూరు సీమలో ఎండాకాలం వచ్చిందంటే ఊరూరా భారతం పెడతారు. పగలు హరికథ, రాత్రికి నాటకం. ఆఖరి రోజు ఊరి బయట మట్టితో కొండంత దుర్యోధనుణ్ణి పడుకోబెట్టి, భీముడి వేషగాడి చేత తొడ మీద కొట్టిస్తారు. ఆ రోజు నా వైభవం చూడాలి! నడినెత్తిన ఎండ, చుట్టూ జనం, మట్టి బొమ్మ మీదెక్కి భీముడూ దుర్యోధనుడూ పరుగులు, కింద చాప మీద నేనూ చెంగల్రాయుడూ. మైకులు ఇంకా రాని కాలం. నా గొంతు పక్క ఊరికి వినబడేది. దుర్యోధనుడు చచ్చేముందు పద్యం మరిచిపోతే నేను ఎత్తిచ్చేదాన్ని, అప్పుడు చచ్చేవాడు పాపం. ఆ రోజుల్లో నాకు కొంచెం పొగరుండేది. ఇప్పుడు మాత్రం లేదని ఎవరన్నారు?

భారతం రోజుల్లోనే ఆయనకు కూతురు పుట్టింది. పాంచాలి అని పేరు పెట్టాడు. ఆ పిల్లకు ఊహ తెలియకముందే తల్లి పోయింది. అప్పటినుంచి బండిలో నేను ఒక పక్క, పాంచాలి ఒక పక్క. నా పక్కకు చెవి ఆనించి నిద్రపోయేది. పాంచాలి వేలు పట్టుకుని చెంగల్రాయుడు నా మెట్ల మీద పెట్టి, పద్యం నడక చూపించేవాడు. దుర్యోధనుడి చివరి పద్యం ఆ పిల్లకు అక్షరాల కంటే ముందు వచ్చేసింది.

ఒక ఉదయం లేచేసరికి చెంగల్రాయుడి ఎడమ చెయ్యీ, ఎడమ కాలూ ఆయన మాట వినడం మానేశాయి. కాలు కొన్నాళ్ళకు కర్ర సాయంతో దారికొచ్చింది. చెయ్యి రాలేదు. వేడి తగిలినా, ముల్లు గుచ్చుకున్నా దానికి తెలియదు. ఆయన దాన్ని కుడిచేత్తో ఎత్తి ఒళ్ళో పెట్టుకునేవాడు, ఎవరి వస్తువో దాచిపెడుతున్నట్టు. ఒంటి చేత్తో నన్ను వాయించడం ఎవరివల్లా కాదు. ఆయన నా ముందు కూర్చుని కుడిచేత్తో తిత్తి మాత్రం ఆడించి, నా ఊపిరి విని, మూత వేసేసేవాడు. నాకు ఏడుపొచ్చేది.

అప్పుడు వచ్చింది హన్నమ్మ.

మా ఊరికి పైన గుట్ట మీద ఒక బడి ఉంది. క్వేకర్లని ఒక రకం కిరస్తానీలు పెట్టిన బడి. సర్కారుతో సంబంధం లేదు, వాళ్ళ బాగోగులు వాళ్ళే చూసుకుంటారు. వాళ్ళకు పాదిరి లేడు, పాట లేదు, పటం లేదు. బేస్తవారం, అంటే గురువారం, ఉదయం పిల్లా పెద్దా అంతా ఒక హాల్లో చేరి, కళ్ళు మూసుకుని, మాటా పలుకూ లేకుండా గమ్మున కూర్చుంటారు. ప్రతి మనిషిలోనూ ఒక వెలుగుంటుందట, గమ్మునుంటే అది కనబడుతుందట. ఎవరికైనా లోపలినుంచి మాట తన్నుకొస్తే లేచి నిలబడి చెప్పొచ్చు. రాకపోతే లేదు. ముందు బల్ల మీద ఎదురుగా కూర్చున్న ఇద్దరు పెద్దలు కుడిచేతులు కలిపితే సభ ముగిసినట్టు. అందుకే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు దాన్ని గమ్మునబడి అంటారు.

ఆ బడికి పెద్ద హన్నా అనే ఇంగ్లీషు ఆవిడ. మనవాళ్ళు హన్నమ్మను చేసుకున్నారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ నేతచీరలో ఉండేది. ఎవరూ ఎవరికంటే ఎక్కువ కాదని ఆమె పట్టుదల. తాను వస్తే ఎవరూ లేవకూడదంది. అలవాటు చావక అయ్యవార్లు సగం లేచి, గుర్తొచ్చి, సగంలో ఆగేవాళ్ళు. చూడటానికి అందరికీ ఒకేసారి నడుము పట్టేసినట్టుండేది. ఆమె అందరినీ 'గారు' అనేది. పాలు పిండేవాణ్ణీ అనేది, ఒకసారి ఆవునూ అంది.

ఆడపిల్లలను బడికి పంపమని ఊరూరా తిరుగుతూ మా ఇంటికొచ్చింది హన్నమ్మ. చెంగల్రాయుడు చాలాసేపు ఆలోచించి, పాంచాలిని పంపుతానన్నాడు. పోయే రోజు గుట్ట మొదలుదాకా పోయే బండిలో పాంచాలి పక్కన నన్నూ ఎక్కించాడు.

"అమ్మా, దీన్ని గూడా మీ బడిలోనే పెట్టుకోండి" అన్నాడు హన్నమ్మతో. "పాప వాయించుకుంటాది. నాకింక దీంతో పనిల్యా. ఊరికే పెడితే మాత్రం దీని గొంతు పోతాది. వారానికొకసారన్నా నోరు తెరిపించండి."

"తప్పకుండా, రాయుడుగారూ" అంది హన్నమ్మ.

ఆమె అబద్ధమాడే మనిషి కాదు. ఆ బడిలో అబద్ధం కంటే పెద్ద తప్పు లేదు. మరి నా నోరు ఎందుకు తెరుచుకోలేదో చెబుతాను వినండి.

ఆ బడికంతా ఉన్నది ఒకే ఒక పెద్ద హాలు, మౌనసభ జరిగే హాలు. నన్ను అక్కడే ఒక మూల పెట్టి గుడ్డ కప్పారు. అక్కడ నేను చిన్నగా దగ్గినా గుట్టంతా వినబడుతుంది. మౌనం కోసం కట్టిన చోట హార్మోనియం వాయించవచ్చా? ఇలాంటివి తేల్చడానికి వాళ్ళకు ఇంకో సభ ఉంది. అందులో చేతులెత్తి లెక్కపెట్టడం లేదు. పదిమంది అవునంటే పదకొండోవాడు తల వంచాలన్న నియమం లేదు. అందరి మనసూ ఒకటయ్యేదాకా ఆగుతారు. ఒక్కరికి ఇష్టం లేకపోయినా ఆ పని ఆగిపోవలసిందే. ఆ సభకు అధ్యక్షుడు లేడు, గుమస్తా ఉన్నాడు. సభ మనసు ఎటు మొగ్గుతుందో కనిపెట్టి పైకి చెప్పడం ఆయన పని. గుమస్తా దేవసహాయం సారు. లెక్కలు చెప్పేవారు. చీమకు దారిచ్చి నడిచే మనిషి.

"పాంచాలి తెచ్చిన హార్మోనియం ఈ హాల్లో వాయించుకోవచ్చునా?" అని అడిగారు దేవసహాయం సారు.

అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను ఊపిరి బిగబట్టాను, అది నాకు తేలికే. హన్నమ్మ తల కిందికి వాలింది. చాప మీద కూర్చున్న పాంచాలి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దేవసహాయం సారు కళ్ళు కొంచెం తెరిచి ఆ తలనూ చూశారు, ఈ కన్నీళ్ళనూ చూశారు. చాలాసేపటికి, "వెలుగు ఇంకా రాలేదు. ఆగుదాం" అన్నారు.

ఆగారు. మర్నాడు మాట్లాడుకుంటారనుకున్నాను. వచ్చే నెల అనుకున్నాను. ఏడాదికొకసారి ఆ ప్రశ్న వచ్చేది. అందరూ కళ్ళు మూసుకునేవాళ్ళు. హన్నమ్మ తల వాలేది, పాంచాలి కళ్ళు తుడుచుకునేది, సారు ఆగుదామనేవారు. నా మీద కప్పిన గుడ్డ చిరిగితే కొత్తది కప్పారు. నాకు తాళం వెయ్యలేదు. తాళమే వేసుంటే ఏ అల్లరి పిల్లో పగలగొట్టేది. సభ మనసు తెలియకుండా నన్ను ముట్టుకోకూడదన్న మర్యాద ఒకటి అడ్డం పెట్టారు. దాన్ని పగలగొట్టే మనిషి ఆ గుట్ట మీద లేడు.

మీకు ఒంటరితనం అంటే ఏమిటో తెలుసా? గదిలో ఎవరూ లేకపోవడమని అనుకుంటారు. నాకు అలా లేదు. వారంవారం హాలు నిండేది. చిన్నపిల్లల ముక్కు చీదుళ్ళు, ఎవరి కడుపులోనో ఆకలి చప్పుడు, కిటికీ బయట పిట్టలు, అన్నీ వినబడేవి. అంతమంది ఊపిరి నా చుట్టూ తిరిగేది, నా తిత్తిలోకి మాత్రం రాదు. భారతంలో జనం మధ్య బతికినదాన్ని. ఇక్కడ జనం మధ్యే ఎండిపోయాను.

అసలు సంగతి నాకు మెల్లగా తెలిసింది. మధ్యాహ్నాలు పిల్లలంతా కాయగూరల మళ్ళల్లో పనిచేసే వేళ హన్నమ్మ ఒంటరిగా హాల్లోకి వచ్చేది. గుడ్డ తీసి, మూత తెరిచి, తిత్తి ఆడించకుండా ఒక్క మెట్టు నొక్కేది. చప్పుడు రాదు కదా. అయినా వింటున్నట్టు నిలబడేది. నాతో తెలుగులోనే మాట్లాడేది. ఎవరితో వాళ్ళ భాషలో మాట్లాడటమే మర్యాదని ఆమె నమ్మకం.

"చిన్నప్పుడు మా ఇంట్లో సంగీతం ఉండేది కాదు" అంది ఒకరోజు. "పక్కింట్లో పియానో ఉండేది. కంచె దగ్గర నిలబడి వినేదాన్ని. చలికి పాదాలు మొద్దుబారేవి. మీ గొంతు ఎలా ఉంటుందో వినాలని ఉందండీ. కానీ ఆ అమ్మాయి మీ పేరెత్తగానే ఏడుస్తుంది. నాన్న చెయ్యి గుర్తొస్తుందేమో. నా సరదా కోసం ఆ పిల్ల పుండు కెలకలేను."

నన్ను కూడా 'మీరు' అంది చూశారా. అంత మర్యాద నాకు ఎవరూ ఇవ్వలేదు. ఆ మర్యాదతోనే నా ప్రాణం తీసింది.

పాంచాలి శనివారాలు వచ్చి నన్ను తుడిచేది. అక్కడే చదువు ముగించి, అక్కడే చిన్నపిల్లలకు టీచరైంది. పెళ్ళి చేసుకోలేదు. తుడుస్తూ తుడుస్తూ నా మీద తల ఆనించేది, చిన్నప్పటిలాగే.

"హన్నమ్మకు ఇష్టం ల్యా" అనేది. "నీ మాట వస్తానే తల దించుకుంటాది. నోరు తెరిచి వద్దనేదానికి మనసొప్పక అట్ల కూర్చుంటాది. నన్ను కడుపులో పెట్టుకుని సాకింది ఆయమ్మ. ఆయమ్మను కష్టపెట్టి నేను పాట వాయించల్లా? అట్లని నాయినకు ఏమని చెప్పేది? పోయినప్పుడల్లా అడగతాడు, వాయిస్తాండావా మా అని. వాయిస్తాండా నాయినా, బేస్తవారం బేస్తవారం వాయిస్తాండా అని చెప్పేస్తిని."

నేను ఎంత గింజుకున్నానో! వీళ్ళిద్దరి మనసులూ నా దగ్గరే ఉన్నాయి. ఆమె నీకోసం ఆగింది, నువ్వు ఆమెకోసం ఆగావు అని ఒక్క మాట చెబితే చాలు. ఆ మాట చెప్పాలంటే నన్ను ఎవరైనా వాయించాలి. నన్ను వాయించాలంటే ఆ మాట ఎవరైనా చెప్పాలి. ఇలాంటి ముడి వెయ్యడం పొరుగువాళ్ళతో కొట్టుకునే మామూలు మనుషులకు చేతకాదు. ఒకరినొకరు నొప్పించకూడదని ఒట్టేసుకున్న మంచివాళ్ళకే సాధ్యం.

ఈలోగా వానాకాలాలు నా లోపలికి దిగాయి. ఇత్తడికి పచ్చగా చిలుము పట్టింది. ఎలుకలు మేకతోలు రుచి చూశాయి. పైన మాత్రం నేను కొత్త పెళ్ళికూతురిలా మెరిసేదాన్ని. పాంచాలి తుడుపు అలాంటిది.

కింద ఊళ్ళో చెంగల్రాయుడు అరుగు మీద కూర్చుని, మా పాప గమ్మునబడిలో హార్మోనియం వాయిస్తుందని దారినపోయే ప్రతివాడికీ చెప్పేవాడట. గుట్ట మీదినుంచి ఒక్కరోజైనా చప్పుడు వినబడలేదే అని ఎవరైనా అంటే, మీ చెవుల్లో గుబిలి తీయించుకోండని తిట్టేవాడట. పాంచాలి ఈ సంగతి చెప్పి వెక్కి వెక్కి ఏడ్చింది. కర్రతో గుట్ట ఎక్కలేడు కాబట్టి ఆయన పైకి వచ్చేది లేదు. అదే ఆ పిల్లకు ధైర్యం, అదే దిగులు.

గుట్ట మీదికి రోడ్డు వేశారు. రోడ్డు వేసిన కొన్నాళ్ళకే, ఒక గురువారం ఉదయం, సభ మొదలయ్యే ముందు ఒక ఆటో హాలు ముందు ఆగింది. అందులోంచి కర్ర దిగింది, తరవాత చెంగల్రాయుడు దిగాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. ఉతికిన పంచె, కొత్త తువ్వాలు. పాంచాలి ముఖంలో రక్తం లేదు.

"సచ్చేలోపల ఒక్కసారి ఇనిపోదామని వచ్చినా మా" అన్నాడు కూతురితో. నవ్వుతున్నాడు. "నన్ను దాని పక్కనే కూర్చోబెట్టు."

నా పక్కనే చాప మీద కూర్చోబెట్టారు. ఆయన ఎడమచేతిని ఎత్తి ఒళ్ళో పెట్టుకుని, కుడిచేత్తో నా గుడ్డ లాగాడు. నా వెన్ను నిమిరాడు. ఆ అరచేతి కాయలు నాకు గుర్తే. నా ప్రాణం లేచొచ్చింది. మరుక్షణమే, నా లోపల ఏం మిగిలిందో గుర్తొచ్చి భయమేసింది.

సభ మొదలైంది. మొదలైందని ఆయనకు తెలియదు, ఎందుకంటే ఏమీ జరగలేదు. ముందు బల్ల మీద హన్నమ్మా దేవసహాయం సారూ కళ్ళు మూసుకున్నారు. చెంగల్రాయుడు చుట్టూ చూశాడు. పెద్దలు రావాలేమో అనుకుని కాసేపు ఊరుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. తువ్వాలు సర్దుకున్నాడు. ఆఖరికి కూతురి వైపు వంగి, చెవిలో చెబుతున్నాననుకుని హాలంతా వినబడేలా, "ఎప్పుడు మా మొదులుపెట్టేది?" అన్నాడు.

పిల్లలు కిసుక్కున నవ్వారు. పాంచాలి లేచి నిలబడింది. ఆ హాల్లో ఆమె నిలబడి మాట్లాడటం నేను అంతకు ముందు చూడలేదు.

"నేను ఒక మాట చెప్పల్ల" అంది. "నాయినా, నీకు అబద్ధం చెప్పినా. ఈ బడికి వచ్చినప్పట్నించీ ఒక్క బేస్తవారం గూడా దీన్ని నేను ముట్టలా."

చెంగల్రాయుడి నవ్వు అలాగే ఉండిపోయింది, ఎలా తీసేయాలో తెలియనట్టు. అలాగే అడిగాడు.

"ఎవురు వద్దన్నారు?"

ఆయన ఒక్కో ముఖమే చూసుకుంటూ వచ్చాడు.

"ఎవురికి ఇష్టం లేదో చెప్పండి సామీ. తప్పేం ల్యా. నేనేం కోప్పడను. వాళ్ళను నేనే బతిమాలుకుంటా. ఇంతదూరం వచ్చినా గదా."

ఆ హాల్లో ఎన్నో మౌనాలు చూశాను కానీ, అంత ఇబ్బంది మౌనం చూడలేదు. అయ్యవార్లు ఒకరినొకరు చూసుకున్నారు. హన్నమ్మ మెల్లగా లేచింది.

"పాంచాలీ, నేను ఎప్పుడూ వద్దనలేదే."

"తల దించుకుంటారు గదమ్మా. పేరెత్తిన ప్రతిసారీ."

"నువ్వు ఏడ్చేదానివి. నీకు అది వింటే బాధ అనుకున్నాను. వినాలని ఎంత కోరికగా ఉండేదో నీకు కనబడకూడదని తల దించుకునేదాన్ని."

"మీకు బాధని నేను ఏడిస్తినమ్మా" అంది పాంచాలి.

దేవసహాయం సారు కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకున్నారు. ముఖం పాలిపోయింది. "మీ ఇద్దరిలో ఎవరికో ఇష్టం లేదనుకున్నాను. ఎవరికని అడిగితే వాళ్ళను నలుగురిలో నిలబెట్టినట్టవుతుందని అడగలేదు" అన్నారు. మిగతావాళ్ళు సారు ముఖం చూసి ఆగినవాళ్ళే. ఇష్టంలేని ఆ ఒక్కరి కోసం అంతమంది అన్నేళ్ళు ఆగారు. ఆ ఒక్కరు అసలు లేనేలేరు.

చెంగల్రాయుడు అరుస్తాడనుకున్నాను. దుర్యోధనుడికి నాతో కలిసి పద్యం ఎత్తిచ్చిన గొంతు అది. ఆయన అరవలేదు. "సరే పోనీ. ఇప్పుడు తియ్యి మా" అన్నాడు.

పాంచాలి నా మూత తెరిచింది. తిత్తి గడియ తీసింది. ఆయన కుడిచెయ్యి చాపి తిత్తి పట్టుకున్నాడు. ఆమె ఎదురుగా కూర్చుని మెట్ల మీద వేళ్ళు పెట్టింది. ఇద్దరు కలిసి ఒక వాయిద్యగాడయ్యారు. ఇది వాళ్ళకు ఎప్పుడో తట్టి ఉండాల్సింది. నాకూ తట్టలేదు.

ఆయన ఊదాడు. నేను శక్తికొద్దీ ప్రయత్నించాను. రాయవేలూరు ఆచారి మీద ఒట్టు, ఉన్నదంతా పెట్టాను. గాలి ఎలుక కొరికిన సందుల్లోంచి కొంత పోయింది. మిగిలింది నాలుకల మీదుగా పోయింది. చిలుము పట్టిన నాలుక ఒక్కటీ కదల్లేదు. 'హుస్' మని ఊపిరి వచ్చింది, అంతే. పాంచాలి ఇంకో మెట్టు నొక్కింది. అది కిందికి పోయి పైకి రాలేదు.

"ఇంకొంచెం అవతల నొక్కు మా" అన్నాడు ఆయన.

ఈ చివరినుంచి ఆ చివరిదాకా అన్నీ నొక్కింది. ఆయన తల వాల్చి విన్నాడు, నన్ను చేసిన ఆచారిలాగే. చివరి మెట్టు కూడా అయిపోయాక నా వెన్ను మీద చెయ్యి వేసి తడిమాడు.

"గొంతు పోయింది" అన్నాడు. తరవాత, "ఊపిరుండాది గదా" అని మళ్ళీ ఊదడం మొదలుపెట్టాడు.

పాంచాలి ఏడుస్తూనే వేళ్ళు కదిపింది. ఏ పద్యం వెతుకుతున్నాయో ఆ వేళ్ళు, ఆయనకు తెలిసిపోయింది. ఆయన పెదవులు ఆడాయి, చప్పుడు లేకుండా. మెట్లు నొక్కే టకటక, నా ఊపిరి, కిటికీ అవతల గాలి. పిల్లలకు ఏం చెయ్యాలో తోచలేదు. తెలిసిన పని ఒక్కటే కాబట్టి ఒకరి తరవాత ఒకరు కళ్ళు మూసుకున్నారు. అయ్యవార్లూ మూసుకున్నారు. దేవసహాయం సారు కళ్ళు గట్టిగా మూసుకున్నా చెంపలు తడిశాయి.

హన్నమ్మ ముందు బల్ల దిగి వచ్చి, చాప మీద చెంగల్రాయుడి ఎడమ పక్కన కూర్చుంది. సభ వేళ దాటిపోయింది, ముగించాలి. ముగించాలంటే కుడిచెయ్యి కలపాలి. ఆయన కుడిచెయ్యి తిత్తి మీద ఉంది. ఆమె కొంచెంసేపు ఆ చేతి వైపే చూసింది. దాన్ని ఆపమనడానికి ఆమెకు నోరు రాలేదు. అప్పుడు వంగి, ఆయన ఒళ్ళో పడున్న ఎడమచేతిని రెండు చేతులతో తీసుకుంది. చచ్చిన చెయ్యి. ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టని చెయ్యి. దాన్ని పట్టుకుని, సభ ముగించేటప్పుడు ఊపినట్టే మెల్లగా ఊపింది. క్షమించండి అందో, వందనం అందో, పెదవులు కదిలాయి కానీ నాకు వినబడలేదు. తరవాత దాన్ని మళ్ళీ ఒళ్ళో భద్రంగా పెట్టేసింది.

చెంగల్రాయుడి చూపు కూతురి వేళ్ళ మీదే ఉంది. ఆ చేతికి స్పర్శ లేదు. ఆయనకు తెలియదు.

నియమానికి కుడిచెయ్యే కావాలి కానీ, హన్నమ్మ లెక్కన సభ అప్పుడే ముగిసిపోయింది. ఆ సంగతి ఆమెకూ నాకూ తప్ప ఆ హాల్లో ఎవరికీ తెలియదు. మిగతావాళ్ళంతా అలాగే కూర్చున్నారు, ఆయన చెయ్యి అలసి జారేదాకా. అప్పుడు దేవసహాయం సారు కళ్ళు తెరిచి, వచ్చి ఆయన కుడిచెయ్యి పట్టుకున్నారు. అందరూ పక్కవాళ్ళ చేతులు కలుపుకున్నారు.

ఆ వానాకాలంలోనే చెంగల్రాయుడు పోయాడు. నిద్రలోనే పోయాడని పాంచాలి చెప్పింది. చివరిదాకా అరుగు మీద కూర్చుని దారినపోయేవాళ్ళతో, మా పాప వాయిస్తుంటే ఇన్నానని చెప్పాడట. ఈసారి అది అబద్ధమని ఎవరంటారు?

నన్ను బాగుచెయ్యడానికి రాయవేలూరు నుంచి మనిషి వచ్చాడు. నాలుకలన్నీ మార్చాలి, తిత్తి కొత్తది కట్టాలి అన్నాడు. మళ్ళీ సభ కూర్చుంది. ఈసారి దేవసహాయం సారు కళ్ళు మూసుకోలేదు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, మీ మనసులో ఏముందో పైకి చెప్పండని అడిగారు. పాంచాలి లేచి, "నాయిన ఊదిన తిత్తి ఇది. మార్చొద్దు" అంది. అందరూ సరేనన్నారు, ఒక్కొక్కరూ నోరు తెరిచి. అప్పటినుంచి ఆ బడిలో అదే పద్ధతి. ఆకు కూర వండాలా పప్పు వండాలా అన్నదానికి కూడా పేరు పేరునా అడుగుతారు. సభలు మధ్యాహ్నం భోజనం దాకా సాగుతున్నాయి. గమ్మునబడి అన్న పేరు ఇక మార్చుకోవాల్సిందే.

హన్నమ్మ కూడా పోయింది. గుట్ట వెనక, పేరు కూడా పెద్దగా చెక్కని ఒక చిన్న రాయి కింద ఉంది. దేవసహాయం సారు కొడుకు దగ్గరికి గుంటూరు వెళ్ళిపోయారు. పాంచాలి ఇప్పుడు ఆ బడికి పెద్ద. ఆమె వస్తే కూడా అయ్యవార్లు సగం లేచి ఆగిపోతారు. నన్ను హాల్లోంచి తీసి, వచ్చినవాళ్ళు కూర్చునే గదిలో అద్దాల బీరువాలో పెట్టారు. ముందు ఒక చీటీ ఉంది: చెంగల్రాయుడుగారి హార్మోనియం, దయచేసి తాకవద్దు. పాంచాలి శనివారాలు మాత్రం బీరువా తెరిచి తుడుస్తుంది. తల ఆనించడానికి ఇప్పుడు నడుము వంగడం లేదు. చెయ్యి మాత్రం వేసి కొంచెంసేపు నిలబడుతుంది.

ఆ బడిలో ప్రతి మనిషినీ పేరు పెట్టి అడిగే పద్ధతి వచ్చింది కానీ, నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు. అడిగితే పాట కావాలనను. కొత్త నాలుకలు కావాలనను. చెంగల్రాయుడికి ఒక్క మాట అందించమంటాను: అయ్యా, ఆ రోజు సభను ముగించింది నీ చెయ్యే. నువ్వు చచ్చిపోయిందనుకున్న చెయ్యి. హన్నమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. నేను చూశాను.